ఆకు దూసి కాయించే యాపిల్: వేడి ప్రాంతాల్లో పెంపకం, మొక్క ఎంపిక నుంచి కోత దాకా

నర్సరీ బోర్డు మీద ఎర్రటి కాయల బొమ్మ, పక్కనే "45 డిగ్రీల ఎండలోనూ కాసే యాపిల్" అన్న రాత. ఆ రాతలో సగం నిజముంది. యాపిల్ మొక్క మన ఎండకు అంత తేలిగ్గా చావదు. నీళ్లు, మధ్యాహ్నం కాస్త నీడ అందితే దట్టంగా ఆకు వేసుకుని నిక్షేపంగా పెరుగుతుంది. చిక్కంతా కాపు దగ్గరే. నాలుగేళ్లు పెరిగినా పూత మొహం చూపించని చెట్లు మన ఫామ్‌హౌసుల్లో, పెరళ్లలో చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి ఏ రోగమూ ఉండదు. వాటికి చలికాలం రాలేదు, అంతే. చలి చేయాల్సిన పనిని మన చేతులతో ఎప్పుడు, ఎలా చేయాలన్నదే ఇక్కడ అసలు విషయం. గుంత, ఎరువు, నీళ్లు లాంటివి ఏ పండ్ల మొక్కకైనా ఉండేవే కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగను.

చలి ఎందుకు అడుగుతుంది

హిమాచల్, కశ్మీర్ లాంటి చోట్ల శీతకాలం ముంచుకొచ్చే ముందు యాపిల్ ఆకు రాల్చేస్తుంది. మొగ్గలు గాఢనిద్రలోకి వెళతాయి. మధ్యలో నాలుగు రోజులు వెచ్చగా కాసినా అవి మోసపోయి విచ్చుకోవు. చలి తగినన్ని గంటలు పడితేనే లోపలి తాళం ఊడుతుంది. ఆ లెక్కకు సున్నా నుంచి 7.2 డిగ్రీల మధ్య గడిచిన గంటలను తీసుకుంటారు. డెలీషియస్ జాతి యాపిల్‌కు ఇలాంటి చలి గంటలు 1000 దాకా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే కావాలి. మనకేమో హైదరాబాద్‌లో రాత్రి పది డిగ్రీలకు దిగితేనే వార్త.

చలి చాలని చెట్టు చూడగానే తెలిసిపోతుంది. కొమ్మ చివర ఒక్క ఆకుల కుచ్చు, దాని కింద రెండడుగుల దాకా ఏమీ లేని బోడి కొమ్మ. పూత వచ్చినా డిసెంబరులో నాలుగు, ఫిబ్రవరిలో రెండు అన్నట్టు చెదురుమదురుగా వస్తుంది. పుప్పొడికి జత దొరక్క ఆ కాస్తా రాలిపోతుంది.

అయితే చలి అసలే లేని చోట యాపిల్ పండిస్తున్నవాళ్లూ ఉన్నారు. ఇండోనేషియాలో తూర్పు జావాలోని మలాంగ్ దగ్గర బాటు అనే కొండ ఊరుంది. భూమధ్యరేఖకు ఎనిమిది డిగ్రీల దూరం కూడా లేదు. అక్కడి రైతులు రోమ్ బ్యూటీ, మనాలగి రకాలను ఏడాదికి రెండు కాపులు తీస్తారు. వాళ్ల కిటుకు ఇదీ: కోత అయిన నెలకల్లా చెట్టు మీద ఒక్క ఆకు మిగలకుండా చేత్తో దూసేస్తారు. ఆ తర్వాత నెల రోజుల్లో చెట్టు పూతకొస్తుంది.

ఇందులో మంత్రమేమీ లేదు. కొత్తగా తయారైన మొగ్గను మొదట్లో ఆపి ఉంచేది దాని పక్కనున్న ఆకూ, కొమ్మ కొసా. ఆ దశలో ఆకు తీసేస్తే మొగ్గ విచ్చుకుంటుంది. అలా వదిలేస్తే కొన్ని వారాలకు మొగ్గ తనంతట తానే గాఢనిద్రలోకి జారుతుంది. ఇక దాన్ని లేపడానికి చలే కావాలి. కాబట్టి వేడి ప్రాంతంలో యాపిల్ పెంచేవాడు చెట్టును నిద్రపుచ్చాలని చూడకూడదు, నిద్రలోకి జారకముందే తట్టాలి.

మన రైతులకు ఈ విద్య కొత్తేమీ కాదు. ద్రాక్ష కూడా చలిదేశపు తీగే. దాన్ని ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి ఎన్నో ఏళ్లుగా కాయిస్తూనే ఉన్నాం. బత్తాయిని నీళ్లాపి బెట్టకు వదిలి పూతకు తెస్తాం. అనంతపురం దానిమ్మ తోటల్లో ఆకు రాల్చడానికి మందు కొడతారు. ఈ మూడింటినీ కలిపితే యాపిల్ సేద్యమే.

ఒక్క తేడా మాత్రం మరవొద్దు. బాటులో మే నెల లేదు. అది కొండ ఊరు, ఏడాదంతా చల్లగానే ఉంటుంది. మనకు చలి లేకపోవడం ఒక సమస్య, ఎండ ముదరడం రెండోది. నా లెక్కలో రెండోదే పెద్దది.

మీ ఊరు ఏ కోవలోకి వస్తుంది

లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు వైపు, అటు చిత్తూరు సీమలో హార్స్‌లీ హిల్స్, మదనపల్లె చుట్టుపక్కల ఎత్తు వల్ల వేసవి కాస్త మెత్తగా ఉంటుంది. ఇవి ముందు వరుస. ఆదిలాబాద్ ఏజెన్సీ గ్రామాల్లో వేసవి మండిపోతుంది గానీ శీతకాలం రాత్రులు బాగా చల్లబడతాయి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, ఉద్యానశాఖల సాయంతో ఓ రైతు వేసిన తోట 2020లో కాపుకొచ్చి పత్రికలకెక్కింది. హైదరాబాద్, వికారాబాద్, జహీరాబాద్ లాంటి పీఠభూమి ప్రాంతాలు రెండో వరుస. శ్రద్ధ పెడితే ఇంటికి సరిపడా కాయలు వస్తాయి.

విజయవాడ, నెల్లూరు, ఖమ్మం, రామగుండం వాళ్లకు మొహమాటం లేకుండా చెప్పాలంటే, సరదాకైతే ఒక చెట్టు వేసుకోండి. ఎకరం వేయొద్దు. కొత్త పండేదైనా కావాలనుకుంటే అంజూర మీద పెట్టిన శ్రమ వృథా పోదు.

మొదటి అడుగు: రకం, మొక్క

మనకు పనికొచ్చే పేర్లు మూడు.

అన్నా: ఇజ్రాయెల్‌లో పుట్టింది. చలి గంటలు 200 నుంచి 300 చాలంటారు. పొడుగ్గా, పసుపు మీద ఎరుపు జీరతో కాస్తుంది.

డోర్సెట్ గోల్డెన్: బహామాస్ దీవుల్లో దొరికిన రకం. గోల్డెన్ డెలీషియస్ పోలిక. చలి అవసరం అన్నా కంటే కూడా తక్కువ. ఈ రెండూ ఒకే సమయంలో పూస్తాయి, ఒకదానికొకటి పుప్పొడి ఇచ్చుకుంటాయి. అందుకే జంటగా వేయాలి.

హెచ్‌ఆర్‌ఎంఎన్-99: హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పన్యాలా గ్రామ రైతు హరిమన్ శర్మ తన ఇంటి దగ్గర మొలిచిన గింజ మొక్క నుంచి తయారు చేసిన రకం. ఆ ఊరు యాపిల్ పండే ఎత్తులో లేదు, అదే దీని గొప్ప. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ దీన్ని దేశమంతా పంచి చూపించింది. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇది ఒంటరిగా కూడా కాయ కడుతుందంటారు గానీ పక్కన అన్నా ఉంటే నష్టమేమీ లేదు.

రెండే చెట్లకు చోటుంటే అన్నా ఒకటి, డోర్సెట్ గోల్డెన్ ఒకటి తీసుకోండి. మూడో దానికి చోటుంటే హెచ్‌ఆర్‌ఎంఎన్.

రకం కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ వేరు మొక్క (కింద వేళ్లిచ్చే మొక్క) మీద అంటు కట్టారు? ఎంఎం-111 అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. బెట్టను ఓర్చుకుంటుంది, వేళ్లకు పట్టే దూది పేనునూ తట్టుకుంటుంది. ఎంఎం-106 మంచిదే గానీ నీరు నిలిస్తే మొదలు కుళ్లు పడుతుంది, నల్లరేగడికి వద్దు. ఎం-9 పొట్టిగా ఉండి త్వరగా కాస్తుంది కాబట్టి ఆశ పుట్టిస్తుంది. కానీ వేరు బలం లేక జీవితాంతం ఊత కర్ర కావాలి, మన వేసవిలో అది అదనపు బాధ. గింజ మొక్క మీద కట్టిన అంటు పెద్ద చెట్టవుతుంది, కాపు ఒకటి రెండేళ్లు ఆలస్యం. అమ్మేవాడికి వేరు మొక్క పేరే తెలియకపోతే ఇంకో నర్సరీ చూసుకోవడం మేలు.

అంటు కట్టిన గుర్తు మొదట్లో వంకరగానో, బుడిపెలాగానో స్పష్టంగా కనిపించాలి. అది లేకుండా కాండం నేల నుంచి నిటారుగా ఉంటే అది గింజ మొలక కావచ్చు. గింజ మొలక ఎప్పుడు కాస్తుందో, ఎలాంటి కాయ కాస్తుందో ఎవరూ చెప్పలేరు.

రెండో అడుగు: నాటడం

ఉత్తరాది నుంచి మట్టి లేకుండా వేళ్లతో వచ్చే నిద్ర మొక్కలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా దొరుకుతాయి. అందులోనూ డిసెంబరు, జనవరి మొదటి వారాల్లో వచ్చినవే తీసుకోండి. ఏప్రిల్ ఎండ తగిలేలోపు వేరు కుదురుకోవడానికి మూడు నెలలైనా దొరకాలి. ఆలస్యమైతే సంచిలో పెంచిన మొక్కను తొలకరి తర్వాత నాటుకోవడమే నయం.

పార్శిల్ విప్పగానే వేళ్లను నాలుగైదు గంటలు నీళ్లలో ఉంచండి. విరిగిన, నల్లబడిన వేళ్లు కత్తిరించేయండి.

గుంత రెండున్నర అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉంటే చాలు. పైమట్టితో బాగా చివికిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, వేరు కుళ్లును అడ్డే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా కలిపి నింపాలి. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచి పీట వేసినట్టే. ఎర్ర చెల్క, గరప నేలలు బాగా ఒప్పుతాయి. నల్లరేగడిలో గుంత తవ్వితే వర్షాకాలంలో అది నీళ్ల తొట్టి అవుతుంది. అక్కడ అడుగున్నర ఎత్తు మట్టి కట్ట పోసి దాని మీద నాటాలి. సున్నం ఎక్కువున్న నేలలో కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా, మిగతా అంతా పసుపుగా మారితే అది ఇనుము అందని లక్షణం. దానికి యూరియా వేస్తే ఒరిగేదేమీ ఉండదు.

అంటు అతుకు నేలకు జానెడు పైన ఉండాలి. మట్టిలో మునిగితే పై రకం సొంతంగా వేళ్లు పోసుకుంటుంది, ఏరి కోరి తెచ్చిన వేరు మొక్క గుణం పోతుంది. మొక్కకూ మొక్కకూ 10 నుంచి 12 అడుగులు, గింజ వేరు మొక్కలకైతే 15 అడుగులు వదలండి.

చోటు ఎంచేటప్పుడు పడమర చూడండి. పొద్దున ఎండ పూర్తిగా పడి, మధ్యాహ్నం రెండు దాటాక గోడ నీడో, మునగ, అవిశ లాంటి పలచని చెట్టు నీడో పడే జాగా దొరికితే సగం పని అయినట్టే. పడమటి ఎండ తగిలే గోడకు ఆనించి మాత్రం నాటొద్దు. సిమెంటు గోడ రాత్రి పదింటి దాకా వేడి కక్కుతుంది.

మేడ మీద పెంచాలంటే సగానికి కోసిన 200 లీటర్ల డ్రమ్ము కనీస కొలత. నల్ల డ్రమ్మైతే తెల్ల రంగు వేయండి, లేకపోతే ఎండ వైపు వేళ్లు ఉడికిపోతాయి. కుండీకి ఒక లాభమూ ఉంది. నీళ్లాపితే వారంలో బెట్టకొస్తుంది, నేలలో ఉన్న చెట్టుతో అది అంత సులువు కాదు.

మూడో అడుగు: మొదటి రెండేళ్లు

ఈ రెండేళ్లూ కాయ మీద ఆశ పెట్టుకోకండి. పూత వస్తే తుంచేయండి. చేయి రాదు, తెలుసు. కానీ వేలు లావు కూడా లేని కొమ్మ మీద నాలుగు కాయలు నిలబెడితే ఆ ఏడు ఎదుగుదల అక్కడితో ఆగిపోతుంది.

నాటిన మొక్క తలను నేల నుంచి రెండున్నర, మూడడుగుల ఎత్తులో కత్తిరిస్తే పక్క కొమ్మలు వస్తాయి. చుట్టూ సమంగా ఉన్న నాలుగింటిని ఉంచి మిగతావి తీసేయాలి. ఆ నాలుగూ పెన్సిల్ లావు కాగానే తాడు కట్టి, మేకు పాతి, పక్కకు వంచాలి. నిటారుగా నిలబడిన కొమ్మ ఆకు పెంచుకుంటూ పోతుంది. వంగిన కొమ్మ మీద కురచ కణుపులు తయారవుతాయి, యాపిల్ పూసేది వాటి మీదే. పూర్తిగా నేలకు సమాంతరంగా అక్కర్లేదు, కొంచెం పైకి చూస్తూ ఉంటే చాలు. మరీ వంచితే ఎండ నేరుగా కొమ్మ వీపు మీద పడి బెరడు పగులుతుంది.

కాండానికి సున్నం పూయడం మన ఊళ్లలో ఎలాగూ అలవాటే. యాపిల్‌కు అది అలంకారం కాదు, అత్యవసరం. సున్నంలో కాస్త జిగురు కలిపి మార్చి రాకముందే మొదలు నుంచి కొమ్మల చీలిక దాకా పూయండి. పడమటి వైపు రెండు పూతలు వేయండి.

ఎరువు విషయంలో హిమాచల్‌లో పాటించే లెక్క చెట్టు వయసులో ఏడాదికి 10 కిలోల పశువుల ఎరువు, 70 గ్రాముల నత్రజని, 35 భాస్వరం, 70 పొటాష్. అంటే మూడేళ్ల చెట్టుకు వీటికి మూడింతలు. మన దగ్గర నత్రజని అందులో సగానికి తగ్గించడమే మేలని నా అభిప్రాయం. ఇక్కడ చెట్టుకు ఆగి విశ్రమించే కాలం లేదు, నత్రజని ఎంత వేస్తే అంత ఆకే పెడుతుంది. ఆగస్టు దాటాక, మళ్లీ ఆకు దూసేదాకా నత్రజని అసలు వద్దు.

నాలుగో అడుగు: బెట్ట, ఆకు దూయడం

మూడో ఏడు నుంచి ఇది మొదలు. ముందు తేదీ తేల్చుకోవాలి.

రాత్రులు బాగా చల్లబడే లంబసింగి, ఆదిలాబాద్ లాంటి చోట్ల దొరికిన చలిని వదులుకోవద్దు. డిసెంబరు ఆఖరు దాకా ఆగి, అప్పటికి చెట్టు మీద మిగిలిన ఆకు దూయండి. జనవరి చివర, ఫిబ్రవరిలో పూత, మే ఆఖరు నుంచి జూన్‌లో కోత.

హైదరాబాద్ లాంటి పీఠభూమి ఊళ్లకు నా సలహా వేరు. అక్కడ ఎలాగూ రాని చలి కోసం డిసెంబరు దాకా ఆగితే కాయ సరిగ్గా మే ఎండకు దొరుకుతుంది. నవంబరు మొదటి రెండు వారాల్లో దూసేస్తే డిసెంబరులో పూస్తుంది. ఈ రకాలకు పూత నుంచి కోతకు దాదాపు నాలుగు నెలలు. ఏప్రిల్‌లో, ఎండ పూర్తిగా ముదరకముందే కాయ చేతికొస్తుంది. పిందె పెరిగే కాలమంతా ఏడాదిలో చల్లటి రాత్రులే. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కాబట్టి చెట్టు బెట్టకు రాదు. అక్కడ డిసెంబరు మొదటి వారం దాకా ఆగక తప్పదు.

తేదీ కంటే చెట్టు మాట ముఖ్యం. కొమ్మ కొసను దగ్గరగా చూడండి. లేత ఆకులు ఇంకా విచ్చుకుంటూ, వాటి అడుగున తెల్లటి నూగు మెరుస్తుంటే చెట్టు ఇంకా ఎదుగుతోందని అర్థం. అప్పుడు ఆకు దూస్తే పూతకు బదులు ఇంకో విడత ఆకే వస్తుంది. కొస ఆగిపోయి, అక్కడ గోధుమ రంగు పొలుసులతో మూసుకున్న బొద్దు మొగ్గ కనిపించాలి. ఆకు ముదురాకుపచ్చగా, మందంగా, మడిస్తే ఫట్టున విరిగేలా ఉండాలి. అది అదను. ఆ దశ దాటి నెలా రెండు నెలలు వదిలేస్తే మొగ్గ గాఢనిద్రలోకి పోతుంది, తర్వాత ఎంత దూసినా ఉలకదు పలకదు.

తేదీ కుదిరాక పని ఇలా నడుస్తుంది.

ఆకు దూయడానికి ముందు నీళ్లు ఆపండి. ఎర్ర చెల్కలో రెండు వారాలు, బరువు నేలలో మూడు, నాలుగు వారాలు. పాదులోని గడ్డి కప్పు తీసేసి ఎండ తగలనివ్వండి. మధ్యాహ్నం ఆకు వేలాడి సాయంత్రానికి తేరుకుంటుంటే సరైన బెట్ట. పొద్దున కూడా వేలాడుతోందంటే హద్దు దాటారు, ఒక తడి ఇవ్వండి.

తర్వాత ఆకు దూయడం. చిన్న చెట్టుకు మందుల జోలికి పోవద్దు. ఆకును కాడ సగం ఉంచి కత్తెరతో కత్తిరిస్తే పంగలోని మొగ్గకు దెబ్బ తగలదు, మిగిలిన కాడ కొద్ది రోజుల్లో దానంతటదే రాలుతుంది. చేత్తో దూసేవాళ్లు బెరడు చీలకుండా చూసుకోవాలి. ఒక్క ఆకు కూడా మిగల్చొద్దు. అందంగా ఉందని కొస దగ్గర నాలుగాకులు వదిలేస్తే ఆ కొమ్మ కిందంతా నిద్రపోతూనే ఉంటుంది.

ఆకు పోయాక కొమ్మలు స్పష్టంగా కనిపిస్తాయి, కత్తిరింపుకు అదే సమయం. ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి పెరిగేవి, ఏపుగా పొడుచుకొచ్చే నీటి కొమ్మలు తీసేయండి. మిగతా పొడవాటి కొమ్మల కొసలు నాలుగో వంతుకు మించకుండా కత్తిరించండి. కురచ కణుపులను ముట్టుకోవద్దు. నిటారుగా లేచిన కొమ్మలను ఇప్పుడే వంచి కట్టండి. కోతలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద), కాండానికి సున్నం. బోడి చెట్టుకు నవంబరు ఎండ కూడా ఎండే.

రెండు, మూడు రోజులు ఆగి ఎరువు వేసి, పాదు నిండా తడి ఇవ్వండి. తర్వాత నేల ఆరకుండా చూసుకోవాలి.

ద్రాక్ష తోటల్లో కత్తిరింపు తర్వాత మొగ్గలకు పూసే హైడ్రోజన్ సయనమైడ్ యాపిల్‌కూ పనిచేస్తుంది, చాలా దేశాల్లో వాడతారు. పెరట్లో రెండు చెట్లున్నవాళ్లకు మాత్రం వద్దే వద్దు. చర్మానికీ ఊపిరికీ ప్రమాదం. పైగా అది ఒంటికి తగిలిన రోజుల్లో మద్యం తాగితే ఒళ్లు తీవ్రంగా చెడుతుంది. తోట రైతులు వాడాలనుకుంటే ఉద్యాన శాస్త్రవేత్తను అడిగి, చేతి తొడుగులు, ముఖానికి మాస్కు పెట్టుకునే వాడాలి.

ఐదో అడుగు: పూత, పిందె

తడి ఇచ్చిన రెండు వారాల అటూ ఇటూగా మొగ్గలు ఉబ్బి, పొలుసుల మధ్య బూడిద రంగు నూగు కనిపిస్తుంది. ఆ తర్వాత పచ్చ కొస, దాని మధ్య ఐదారు గులాబీ మొగ్గల గుత్తి. గుత్తి నడిమి పువ్వే ముందు విచ్చుకుంటుంది, అందులోంచి వచ్చే కాయే పెద్దదవుతుంది. రేకలు బయట గులాబీ, లోపల తెలుపు. విచ్చిన రెండు మూడు రోజులకే పూర్తిగా తెల్లబడతాయి.

తేనెటీగలు తిరిగే పెరడైతే మీరేం చేయక్కర్లేదు. మేడ మీదైతే పొద్దున తొమ్మిది, పది మధ్య మెత్తని కుంచెతో అన్నా పువ్వు నుంచి డోర్సెట్ పువ్వుకు, మళ్లీ అటు నుంచి ఇటు పుప్పొడి అద్దండి. పూత మీద ఏ పురుగు మందూ కొట్టొద్దు, వేప నూనె కూడా.

పిందె గోలీ అంత అయ్యాక పలచన చేయాలి. గుత్తికి ఒక్కటే ఉంచండి, కాయకూ కాయకూ జానెడు ఎడం ఉండాలి. మొదటి కాపుకు చెట్టుకు పది, పదిహేను కాయలు చాలు.

ఆరో అడుగు: ఎండ, వాన, కోతులు

ఎండలో యాపిల్ కాయ చర్మం గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పడమర వైపు కాయ మీద ముందు పాలిపోయిన మచ్చ, తర్వాత గోధుమ రంగు, ఆపైన కుళ్లు. మార్చి రెండో వారంలోనే చెట్టు మీద 35 లేదా 50 శాతం షేడ్‌నెట్ కట్టేయండి. తెల్ల నెట్ దొరికితే మరీ మంచిది. నెట్ ఆకుకు తగలకుండా రెండడుగులు పైన ఉండాలి, పక్కలు తెరిచి గాలి ఆడనివ్వాలి. పాదులో అరడుగు మందాన వరిగడ్డో, వేరుశనగ పొట్టో పరవండి. కాండానికి బెత్తెడు దూరం వదలండి, అక్కడ తడి నిలిస్తే మొదలు కుళ్లుతుంది.

నీళ్లు రోజూ కొంచెం కొంచెం డ్రిప్‌తో, పొద్దున్నే ఇవ్వాలి. మధ్యాహ్నం ఆకు వాడిందని మిట్ట ఎండలో పైపు పట్టొద్దు.

వానాకాలంలో ఆకుమచ్చ తెగులు పెద్ద శత్రువు. మచ్చలు పడి ఆగస్టు, సెప్టెంబరులోనే ఆకంతా రాలితే చెట్టు మీరు చెప్పకుండానే పూసేస్తుంది. ఆకు పోవడమే పూతకు సంకేతమని దీనికంటే రుజువు అక్కర్లేదు. ఆకు పూర్తిగా రాలి పూత బాగా వస్తే దాన్నే ఆ ఏటి కాపుగా తీసుకుని ఎరువు వేయండి, నవంబరులో మళ్లీ దూయొద్దు. పూత అరకొరగా వస్తే తుంచేసి చెట్టును తేరుకోనివ్వండి. తెగులు రాకుండా ఉండాలంటే జూన్, జూలైలో రెండుసార్లు బోర్డో మిశ్రమమో, కాపర్ ఆక్సీక్లోరైడో కొట్టి, రాలిన ఆకు ఏరి తగలబెట్టాలి.

కొమ్మ పంగల్లో, అంటు దగ్గర తెల్లటి దూది కనిపించి, నలిపితే ఎర్రటి రసం వస్తే అది దూది పేను. కొద్దిగా ఉన్నప్పుడు పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి రుద్దితే చాలు. కాండం తొలుచు పురుగు రంధ్రం నుంచి రంపపు పొట్టు రాలుతుంటుంది. సైకిల్ చువ్వ పెట్టి పొడిచి, పురుగు మందులో తడిపిన దూది కుక్కి, మట్టితో మూసేయండి.

కాయ నిమ్మకాయంత అయినప్పటి నుంచి చిలకలు, ఉడుతలు, పండు ఈగ తయారు. ఒక్కో కాయకు గుడ్డ సంచి కడితే మూడింటికీ సరిపోతుంది. కోతుల సంగతి మాత్రం అడగకండి. తెలంగాణ పల్లెల్లో కోతుల బెడద ఉన్న చోట చుట్టూ, పైన ఇనుప జాలీ వేసే స్తోమత లేకపోతే యాపిల్ వేయకపోవడమే తెలివి.

ఏడో అడుగు: కోత, అమ్మకం

ఎర్రబడేదాకా ఆగితే మోసపోతారు. ఆ ఎరుపు రావడానికి చల్లటి రాత్రులు కావాలి, ఏప్రిల్, మే నెలల్లో అవి ఉండవు. అడుగు రంగు చూడండి. ఆకుపచ్చ తగ్గి లేత పసుపుకు తిరగాలి. ఒక కాయ కోసి చూస్తే గింజలు గోధుమ రంగులో ఉండాలి. కాయను అరచేతిలో పట్టి పైకెత్తి మెలితిప్పితే కాడతో సహా ఊడి రావాలి. లాగితే వచ్చే ఏడు పూయాల్సిన కణుపు కూడా ఊడిపోతుంది.

ఈ రకాలు బయట నాలుగు రోజులుంటే పిండిలా అయిపోతాయి. ఫ్రిజ్‌లో రెండు, మూడు వారాలు ఉంటాయి. కశ్మీర్ యాపిల్ కరకర కోసం ఎదురుచూస్తే నిరాశే. పులుపు కలిసిన తీపి, మంచి వాసన వీటి సొత్తు.

తోట వేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. కొత్త హిమాచల్ సరుకు ప్రధానంగా జూలై నుంచే మార్కెట్‌కు దిగుతుంది కాబట్టి ఏప్రిల్ నుంచి జూన్ దాకా పోటీ శీతల గిడ్డంగి కాయతోనూ, విదేశీ కాయతోనూ మాత్రమే. లెక్క ఊరించేలా ఉంటుంది. కానీ హోల్‌సేల్ వ్యాపారి చూసేది రంగు, సైజు, నిల్వ. మూడింట్లోనూ మన కాయ వెనకే. ఊళ్లోనే, పర్యాటకులకో, అపార్ట్‌మెంట్లకో నేరుగా అమ్ముకోగలిగితేనే గిట్టుతుంది. ముందు పది చెట్లు వేసి, రెండు కాపులు కళ్లతో చూసి, అప్పుడు ఎకరం సంగతి ఆలోచించండి. ఏ నర్సరీ వాడు చూపించే లాభాల పట్టికకూ ఆ పది చెట్లు చెప్పినంత నిజం తెలియదు.

దూసినా పూయకపోతే

కారణాలు కొన్నే. ఆకు వచ్చి పూత రాకపోతే చెట్టు ఇంకా పిల్లది కావచ్చు, నత్రజని ఎక్కువై ఉండొచ్చు, కొమ్మలు నిటారుగా ఉండొచ్చు. ఆ ఏడు ఎరువు ఆపి, కొమ్మలు వంచి, వచ్చే నవంబరు చూడండి. ఆకూ రాక, పూతా రాక మోడుగా వారాల తరబడి నిలబడితే ఆలస్యంగా దూశారని అర్థం. వచ్చే ఏడాది మూడు వారాలు ముందే దూయండి. అప్పటిదాకా సున్నం, నీడ, తడి తప్పకుండా చూసుకుంటే చెట్టు దానంతటదే తేరుకుంటుంది. ఒకే కొమ్మ పూసి మిగతావి పూయకపోతే ఆకు పూర్తిగా దూయలేదన్నమాట.

అయిదారేళ్లు దాటినా, అన్నీ సరిగ్గా చేసినా ఒక్క మొగ్గ రాకపోతే మీకు అంటు పేరుతో గింజ మొక్క అంటగట్టి ఉంటారు. చెట్టును పీకేయొద్దు. బలమైన వేరు చేతిలో ఉంది. మొదలును రెండడుగుల ఎత్తున కోసి, జనవరిలో అన్నా పుల్ల తెచ్చి అంటు కట్టించండి. కొత్త మొక్క నాటడం కంటే కాపు ముందే వస్తుంది.